చెంప మీద గీతలు

చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగీ తాగీ అంగిట్లో కేన్సర్ తెచ్చుకున్న యానాం నూకరత్నానికి రేడియేషన్ మూడో వారం నడుస్తోంది. నోరంతా పూసి ముద్ద దిగడం లేదు. ఇంకా చిక్కిపోతే వైద్యం మధ్యలో ఆపాల్సొస్తుందని డాక్టరు అన్నప్పటి నుంచి, చంటిదానికి పాలిస్తున్నా కోడలు లోవకుమారి ధ్యాసంతా అత్త మీదే.

"పుక్కిలించమని నర్సమ్మ చెప్పింది కదండీ అత్తయ్యా, మానేసేరేంటి?"

"కరెంటు పెట్టే చోటు గుర్తుకని చెంప మీద గీసిన గీతలు తడపొద్దన్నారు కదే. చెరిగిపోతేనో?"

"గీతలు బయటున్నాయండీ. నోట్లో ఎవరు గీసేరు?"

నూకరత్నం నవ్వబోయి నొప్పికి ఆగింది. లోవకుమారి కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు, వంటసోడా కలిపి, రెండు గంటలకోసారి దగ్గరుండి పుక్కిలింపించింది. నాలుగో రోజుకి మంట కాస్త తగ్గింది. చంటిదానికని కాచిన రాగిజావ గిన్నెడు తాగేసి, నూకరత్నం గిన్నె మళ్లీ చాపింది.

"మనవరాలికి ఇంకోసారి కాద్దువుగానిలే. ముందు నాకు ఇంకో గరిటెడు పొయ్యి."