జానెడు దిగిన గీత

పోయిన వరదలో కట్ట తెగాక, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో టైలరమ్మ కొట్టు తలుపు మీద అధికారులు ఎర్రరంగుతో గీశారు. కొత్త కట్టకు ఆ గీతే కొలత. కట్ట తల దానికి అడుగున్నర పైన ఉండాలి.

మట్టి పని ముగిసే రోజు ఇంజనీరు గీతను చివరిసారి సరిచూసుకోవడానికి వచ్చాడు. టైలరమ్మ గడప మీద నిలబడింది. గీత ఆమె గొంతుకు వచ్చింది. గీసిన రోజు నుదుటికి వచ్చింది.

"సార్, గీత కిందికి దిగింది."

"గీతలు దిగవమ్మా. మీరే పెరిగి ఉంటారు."

"నలభై ఏడేళ్ళకి పెరగడానికి నేనేమన్నా సొరపాదునా?"

ఎదురు కొట్టులో రంపం ఆగింది. వడ్రంగి ఆమె అక్క మొగుడు.

"బావా, వరద పోయాక ఈ తలుపుని ఏం చేశావు?"

"కింది అంచు కుళ్ళితే జానెడు కోశాను. తలుపు దించి, పైన పలక అతికాను." చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. "గీత సంగతి తట్టలేదు మరదలా."

"తలుపుతో పాటు బుర్ర కూడా కోసుకున్నావన్నమాట."

ఇంజనీరు లెక్క వేశాడు. కట్టకు కొలత తీసుకున్నది తలుపు కోశాకే. "అయినా నీళ్ళకు పైన జానెడు మిగిలే ఉంది. రేపు మట్టి తొక్కే రోలరు వెళ్ళిపోతుంది. సర్దుకోండి."

"ఎదిగే పిల్లకి గౌను కుడితే లోపల మడత వదులుతాం సార్. అది పిల్ల కోసం. నా కత్తెర తప్పు కప్పుకోడానికి కాదు. మొన్న వరదలో మా అమ్మని బల్ల మీద కుర్చీ వేసి కూర్చోబెడితే నీళ్ళు ఒళ్ళోకి వచ్చాయి. ఆవిడ ఇప్పుడూ ఈ కొట్టులోనే ఉంటుంది. మీ జానెడు నాకు మా అమ్మ."

"రికార్డులో రాసింది నేను మార్చలేను."

ఆమె దారపు ఉండలు పెట్టుకునే పలకను గోడ నుంచి ఊడదీసింది. కోసిన ముక్క అదే. వడ్రంగి తలుపు దించాడు. ఇద్దరూ వాటిని కట్ట మీదికి మోసుకెళ్ళి, రోలరుకు అడ్డంగా నిలబెట్టారు. ముక్క కింద, తలుపు పైన. తలుపులోని పగులు ముక్కలోని పగులుతో కలిసింది. గీత ఆమె నుదుటికి వచ్చింది.

"తొక్కించండి సార్," అంది.

డ్రైవరు ఇంజను ఆపాడు. "తలుపులు తొక్కమని నాకు ఆర్డరు లేదు సార్."

"కొట్టుకు తలుపు లేకుండా ఎలా ఉంటారమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"పోయినసారి వేసే ఉంది. ఏరు తట్టి వచ్చిందా?"

ఇంజనీరు టేపు తీసి ముక్కను కొలిచాడు. తొమ్మిది అంగుళాలు. కట్ట దిగి, ఎవరికో ఫోను చేశాడు.

మూడు రోజులు మట్టి లారీలు తిరిగాయి. మూడు రోజులూ ఆమె తలుపు లేని కొట్టులోనే కుట్టింది. నాలుగో రోజు ఇంజనీరు గుమ్మం ముందు ఆగాడు.

"ఇక తలుపు పెట్టుకోండి."

ఆమె కుట్టు పక్కన పెట్టి లేచింది. ముక్క తీసుకుని కట్ట మీదికి వెళ్ళి, అంచున పాత ఎత్తుకు గుర్తుగా పనివాళ్ళు కొట్టిన మేకు మీద నిలబెట్టింది. మట్టి, ముక్క పై అంచు ఒక్కటిగా ఉన్నాయి. అరచేత్తో రెండుసార్లు నిమిరి చూసి, వడ్రంగిని కేకేసింది.

"తలుపు పెడుదువు రా బావా. రంపం మాత్రం ఇంట్లో పెట్టి రా."