చప్పుడు చెయ్యని రకం

వదిన జీపు తెచ్చి వైరింగ్ షెడ్డు ముందు ఆపేసరికి మధ్యాహ్నం మూడే అయింది. అప్పటికే మంచు కొండ దిగి వీధి చివరిదాకా వచ్చేసింది. తాళంచెవి మరిది చేతిలో పెట్టి, రేపటినుంచి పాల క్యాన్లు కొండమీంచి తనే దింపుతానంది. ఫాగ్ లైట్లు బిగించాలట. ఈసారి రిలేలు పెట్టి బిగించాలట.

ఆ 'ఈసారి' వినగానే అతను చూపు తిప్పుకుని బానెట్ ఎత్తాడు.

విడిగా బిగించే లైట్లు కరెంటు బాగా తాగుతాయి. డాష్‌బోర్డు మీది అదనపు స్విచ్‌లు అంత బరువు మోయలేవు. అందుకే మధ్యలో రిలే. స్విచ్ సైగ చేస్తే చాలు, రిలే టిక్కుమని ఆ బరువంతా తను మోస్తుంది. బయటివాళ్ల బండికి అతను రిలే లేకుండా ఒక్క లైటు బిగించి ఎరగడు. అన్న బండికి మాత్రం, మన బండే కదా, తీరిగ్గా చూద్దాంలే అని, మిగిలిపోయిన వైరు ముక్కలతో స్విచ్‌కే నేరుగా కలిపేశాడు.

ఆ రోజు అన్న స్విచ్ నొక్కి చెవి ఒగ్గాడు. "టిక్కుమనలేదేంట్రా?"

"కొత్త రకంలే అన్నయ్యా. చప్పుడు చెయ్యదు."

నెల తిరక్కుండానే స్విచ్ కరిగి, కొండదారి మూడో మలుపులో లైట్లు ఆరిపోయాయి. జీపు బండరాయికి తట్టుకుని ఆగింది. అన్న మాత్రం ఎగిరి లోయలో పడి ప్రాణం వదిలాడు. కరిగిన స్విచ్‌ని ఇతనే ఎవరి కంటా పడకుండా పీకి పారేశాడు. తల్లి లేని తనకి అన్నం కలిపి పెట్టి పెంచింది వదినే. నిజం చెబితే ఆ గడప ఇక తొక్కలేనన్న భయం.

బ్యాటరీ తీగ విప్పేసి పనిలో దిగాడు. కొత్త వైరు, కొత్త ఫ్యూజులు, నాలుగు స్విచ్‌లకి నాలుగు రిలేలు. వదిన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన తన మాట ఏనాడూ చెవిన పెట్టలేదనీ, రిలే టిక్కుమనడానికి మాత్రం చెవి కోసుకునేవాడనీ దెప్పింది. అతను నవ్వబోయాడు.

టిక్.

మూడో రిలే. బ్యాటరీ తీగ ఇంకా కిందే వేలాడుతోంది. కరెంటు రావడానికి దారే లేదు. మళ్లీ టిక్. రిలేని పీకి అరచేతిలో పెట్టుకున్నాడు. తీగా తెన్నూ లేని ఆ నల్లడబ్బీ చేతిలోనే చిన్న పురుగు కదిలినట్టు టిక్కుమంది. పిడికిలి బిగించాడు. పిడికిట్లోనూ అంతే. ఎవరో ఓపిగ్గా నొక్కి, ఆగి, విని, మళ్లీ నొక్కుతున్నట్టుంది.

వదిన ఉలిక్కిపడలేదు.

"ఇంట్లోనూ ఇంతే. ఆయన పోయిన రోజునుంచీ గోడలో వినిపిస్తోంది. ఏదో అడుగుతున్నాడు. ఏంటో నాకు తెలీదు. నీకు తెలుసా?"

అతను పిడికిలి వదినవైపు చాపాడు.

"అన్నయ్య లైట్లకి నేను రిలే పెట్టలేదు వదినా. అడిగితే అబద్ధం చెప్పాను."

పిడికిట్లో చప్పుడు ఆగిపోయింది.

వదిన అతని ముఖంలోకి చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. పని పూర్తి చెయ్యమంది. అతను రిలేని తిరిగి గుచ్చి, బ్యాటరీ తీగ బిగించి స్విచ్‌లు నొక్కాడు. నాలుగూ టిక్కుమన్నాయి. మంచు మీద పసుపు వెలుగు పరుచుకుంది.

ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుని, మూడో మలుపుదాకా తనతో రమ్మంది. అతను ముందు తలుపు తీశాడు. ఖాళీ సీటు మీది రెక్సిన్, మనిషి బరువు పడినట్టు, లోపలికి అణిగి ఉంది.

"వెనకెక్కు," అంది వదిన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నిన్ను నేనేం అనను. అనాల్సినవాడు ముందు కూర్చున్నాడు."