పట్టీ కట్టకూడని రక్తం

"పిడికిలి బిగించు," అంటూ రబ్బరు పట్టీ లాగి కట్టి, కిటికీ పక్క మంచం మీది లారీ డ్రైవరు మోచేతి మడతలో సూది దించింది ల్యాబు సూదమ్మ. అతను కెవ్వుమన్నాడు.

"అంత లారీ తోలేవాడివి, సూదికేడుస్తావా?"

"లారీకి బ్రేకుంటుందమ్మా. నీకదీ లేదు."

వార్డంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. పొద్దున్నే నిద్ర లేపి పొడిచే మనిషిని చూసి ఎవరూ సంతోషించరు. ఎవరినైనా చూసి సంతోషించడం ఆమె కూడా ఎప్పుడో మానేసింది. వేళ్ళు పొడిబారి చిట్లాయి. స్పిరిటు వాసన చీర కొంగు దాకా పాకింది. ఇంట్లో అత్తగారు ఆ వాసనకు ముక్కు చిట్లించి, "ఆ చేత్తో నాకు వడ్డించకు," అని ఎప్పుడూ తన కంచంలో తనే పెట్టుకునేది.

ఎమర్జెన్సీ నుంచి పిలుపొస్తే వెళ్ళింది. స్ట్రెచర్ మీద ఆ అత్తగారే మెలికలు తిరుగుతోంది. పక్కన తన భర్త. తను డ్యూటీకి బయల్దేరేటప్పుడు ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కడుపునొప్పని నోరు విప్పలేదు.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. మెత్తగానే ఉంది. జ్వరమూ లేదు.

"ఈ వయసులో పొట్ట పైకేమీ చెప్పదు. పేగుకి రక్తం ఆగిందేమోనని నా భయం. లాక్టేటు పరీక్షకు రక్తం తియ్యి. ఎక్కువుంటే వెంటనే స్కాను, ఆపరేషను. ఆలస్యమైతే పేగు చచ్చిపోతుంది."

ఆ పరీక్షకు పట్టీ కట్టకూడదు, పిడికిలి బిగించనివ్వకూడదు. చేతిలో రక్తం నిలిస్తే అంకె ఉత్తపుణ్యానికి పెరుగుతుంది.

"దీన్ని నన్ను ముట్టుకోనివ్వకురా," అంది అత్తగారు కొడుకుతో. "ఇన్నేళ్ళూ నా రక్తం తాగింది చాల్లేదా?"

చెయ్యి లాక్కుని పిడికిలి బిగించింది. నరం జారిపోయింది. సూదమ్మకు ఒళ్ళు మండింది. పట్టీ తీసి కట్టేసింది. కావలసినదానికన్నా గట్టిగానే కట్టింది.

అంకె ఉండవలసినదానికి రెట్టింపు వచ్చింది.

"పట్టీ కట్టావా?" డాక్టరమ్మ అడిగింది.

కట్టలేదంటే నేరుగా స్కానుకు పంపేస్తారు. కానీ అంకె తన పట్టీ వల్లే పెరిగి ఉంటే, ఆ ముసలి పొట్టను ఊరికే కోస్తారు.

"కట్టాను."

"తప్పు కదా! మళ్ళీ తియ్యి."

భర్త స్ట్రెచరుకు అడ్డం నిలబడ్డాడు. "మా అమ్మ మీద కసి తీర్చుకుంటున్నావా? చేతకాకపోతే ఇంకొకళ్ళని పిలు."

పిలవడానికి ఆ పూట ఇంకొకరు లేరు. కసి లేదనడానికి ఆమెకు నోరూ రాలేదు. డాక్టరమ్మ నచ్చజెప్పింది, కసురుకుంది. అతను పెద్ద డాక్టరొచ్చేదాకా కదలనని భీష్మించుకున్నాడు. వరండాలో ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. ముసలావిడ మూలుగు సన్నబడింది.

"తప్పుకోరా," అంది చివరికి. అరచెయ్యి తెరిచి కోడలి వైపు చాపింది. "తియ్యవే. కదలనులే."

కదల్లేదు. పట్టీ లేకుండానే సూది ఒక్కసారికే దిగింది. ఈసారి అంకె మొదటిదాన్ని మించింది.

స్కానయ్యాక ఆపరేషను థియేటరులోకి తోస్తుంటే ముసలావిడ కోడల్ని సైగ చేసి పిలిచింది. కట్టుడు పళ్ళు ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టింది. బుగ్గలు లోపలికి పోయాయి.

"వాడికివ్వకు, ఎక్కడో పారేస్తాడు. నీ దగ్గరుంచు."

సాయంత్రం డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు దించింది. పేగు చాలావరకు నల్లబడిపోయిందని, బల్ల మీదే గుండె ఆగిందని చెప్పింది. "ఇంకాస్త ముందు..." అని ఆగిపోయింది.

భర్త గోడ వైపు చూస్తూ అన్నాడు: "ఇప్పటికి చల్లబడిందా నీ కడుపు?"

సూదమ్మ ల్యాబుకు వెళ్ళి, చేతులు కడుక్కుని, దీపం ఆర్పి, అతని వెనకే నడిచింది. ల్యాబు బల్ల మీద, తన చేతిరాతతో అత్తగారి పేరు రాసి అంటించి, మూత బిగించిన శాంపిలు డబ్బా నీళ్ళలో, ఏదో అనబోతున్నట్టు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి ఆ పళ్ళు.