మా అత్త నోటి పరీక్ష

దాసన్న మామ ముక్కుకు మా సంఘంలో ఉన్న అధికారం బళ్లారి కలెక్టరు దొరకు కూడా లేదు. ఎకసెక్కానికి అనడం లేదు. ఆ ముక్కు మూడుసార్లు మా అత్తను ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వలేదు. కడుపు మండి చెప్తున్నాను.

కోసిగికి రెండు క్రోసుల దూరంలో మా పల్లె. మా మిషను గుడికి పాదిరి బాలస్వామి అయ్యగారు మూడు నెలలకు ఒకసారి వస్తారు. ఆయన వచ్చిన ఆదివారమే బల్ల. రొట్టె విరిచి, ఒకే గిన్నెలో ద్రాక్షరసం అందరి నోటికీ అందిస్తారు. మిగిలిన రోజులన్నీ సంఘానికి పెద్ద దాసన్న మామే. ఒక ఏడు పీర్ల పండుగలో మా మగవాళ్లు కొందరు సారాయి తాగి, మరునాడు ఏమీ ఎరగనట్టు వచ్చి బల్లలో కూర్చున్నారు. అయ్యగారికి కోపం వచ్చి, తాగినవాళ్లను బల్లకు రానివ్వొద్దని చెప్పి వెళ్లారు. ఆయన చెప్పింది అంతే. నోళ్లు వాసన చూడమని చెప్పలేదు. ఆ తెలివి దాసన్న మామది.

బల్లకు ముందురోజు, శనివారం పొద్దున, గుడి వాకిట్లో పీట వేసుకుని కూర్చునేవాడు. ఒక్కొక్కరు వంగి ఆయన ముఖం మీద ‘హల్లెలూయ’ అనాలి. ఆ మాటలో గాలి బాగా వస్తుందని ఆయన లెక్క. వాసన తగిలితే బల్ల లేదు. వరుసగా నాలుగుసార్లు బల్ల తప్పితే సంఘం పట్టీలోంచి పేరు కొట్టేస్తారు. పేరు లేనివాళ్లకు మిషను సమాధుల దొడ్లో చోటు లేదు.

అత్త పెనిమిటి, మా మామ లేవి ఆ దొడ్లోనే తూర్పు గోడ వారగా ఉన్నాడు. ఆయన పక్కన ఒక మనిషికి సరిపడా చోటు అడిగి పెట్టుకుని, చుట్టూ తన చేత్తోనే రాళ్లు పేర్చుకుంది మా అత్త విశ్వాసమ్మ. ఆ రాళ్లు చూసుకుంటే ఆమెకు చావంటే భయం ఉండేది కాదు. అదొక్కటే ఆమె ఆస్తి.

అత్త కల్లు ముట్టి ఎరగదు. కానీ ఆమె నోరు వాసన వచ్చేది. అది అబద్ధమని నేను అనను. ఏడాదిగా వస్తోంది. గుడిలో ఆమె పాట ఎత్తుకుంటే పక్కనున్న ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. నాతో మాట్లాడుతుంటే నేను చేటలో రాళ్లు ఏరుతున్నట్టు తల పక్కకు తిప్పుకునేదాన్ని. నా బిడ్డను ముద్దు పెట్టుకోబోతే, పాలకు ఏడుస్తోందని చెప్పి తీసేసుకునేదాన్ని. ఆమె జొన్నరొట్టెను మజ్జిగలో నానేసుకుని ఒక పక్కనే నమిలేది. ముసలితనం అనుకున్నాను.

మొదటిసారి ఆమె హల్లెలూయ అనగానే దాసన్న మామ పీట మీదనుంచి లేచినంత పనిచేశాడు.

“వదినా, పులిసిన కంపు వస్తాండాది. యాడ తాగినావు?”

“నేను తాగేదేందప్పా? నా బతుకులో ముట్టల్యా.”

“నా ముక్కు అబద్ధమాడతాదా?” అన్నాడు.

ఆ ముక్కు కింద ఉన్న నోరు చూడాలి మీరు! పొద్దస్తమానం దవడలో పొగాకు ముద్ద. పళ్లు గార పట్టి నల్లబడ్డాయి. ఆయన ప్రార్థన చేస్తే రెండో వరుస దాకా గాటు. గురివింద గింజ తన నలుపెరగదంటారు. ఈ గింజ పీట వేసుకుని ఊరందరి నలుపూ చూసింది.

రెండోసారికి అత్త గురువారంనుంచే ఉపవాసం మొదలుపెట్టింది. పవిత్రంగా పోవాలని నీళ్లు కూడా ముట్టలేదు. వేసవికాలం. శనివారానికి నాలుక అట్టగట్టి, పెదాలు పగిలాయి. వాసన రెండింతలైంది. “ఉపాసం పేరు చెప్పి ఏం తాగినావో దేవునికి తెలుసు” అన్నాడు దాసన్న మామ.

మూడోసారికి వేపపుల్లతో, ఉప్పుతో, బొగ్గుపొడితో చిగుళ్లు నెత్తురు వచ్చేదాకా తోముకుంది. లవంగాలు నమిలి మరీ వెళ్లింది. వంగి హల్లెలూయ అంది. ఆయన కళ్లు మెరిశాయి.

“ఇప్పుడు దొరికినావు. తాగనోళ్లకు లవంగాలు ఏల? వాసన దాచేకి కాదా?”

విన్నారా? వాసన వస్తే తాగినట్టు. తినకపోతే తాగినట్టు. లవంగం నమిలితే తాగినట్టే. ఇంక మా అత్త ఏం చేయాలి, నోరు కోసి గుమ్మానికి కట్టాలా? వాకిట్లో యాభైమంది ఉన్నారు, ఒక్కరూ ఇదేమి న్యాయమని అనలేదు. మర్నాడు గిన్నె తన ముందునుంచి పక్కకు పోతుంటే ఆమె తల వంచుకుని కూర్చుంది. అయ్యగారు పట్టీ చూసి, పెద్ద రాసిందే సత్యమనుకుని వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి నేను అరిచిన అరుపులకు నా మొగుడు ఏసన్న బెదిరిపోయాడు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకే? అమ్మే ఊరికుండాది కదా.”

“ఊరికే ఉండాదా? ఉన్న నోరు మీ పెద్ద మూయించినాడు. ఇంకొక్కసారి తప్పితే మీయమ్మ ఎముకలు యాడ పెడతావో ఇప్పుడే చూసిపెట్టుకో” అన్నాను.

మూడు నెలలు గడిచి మళ్లీ బల్ల దగ్గరపడింది. తాగలేదని డాక్టరు చేత చీటీ రాయించి ఆ ముక్కుకు అంటించాలి, అదే నా పంతం. పరీక్షకు పది రోజులుండగా బిడ్డను చంకనేసుకుని, అత్తను వెంటబెట్టుకుని కోసిగిలో రైలెక్కి ఆదోనిలో దిగాను. అక్కడ మిషను ఆసుపత్రిలో డాక్టరమ్మ అత్తను కిటికీ దగ్గర కూర్చోబెట్టి నోరు తెరిపించింది. నాలాగా తల తిప్పుకోలేదు. చిన్న అద్దం లోపల పెట్టి, ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

“వెనక దవడపన్ను మొత్తం పుచ్చిపోయింది. దాని కింద చీము పట్టింది. ఈ పంటితో అన్నం ఎలా తింటున్నావమ్మా?”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“చీటీ రాస్తారా అమ్మా, తాగలేదని?” అన్నాను నేను.

డాక్టరమ్మ ముందు పన్ను పీకింది. తర్వాత జరిగిందంతా నా చేత చెప్పించుకుని, వింటూ వింటూ ఎర్రబడింది. “నీళ్లు కూడా తాగకుండా ఉపవాసముంటే నోరు ఎండిపోతుంది. ఎండిన నోరు ఎవరిదైనా కంపు కొడుతుంది. అందులో పాపం ఏముంది? లవంగం వాసనను కాసేపు కప్పుతుందంతే, చీమును తీసేయదు. చిగుళ్లను అలా గీరితే పుండ్లు పడతాయి” అంది. రోజూ తిన్న తర్వాత ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లు పుక్కిలించమంది. మెత్తగా నమిలిన వేపపుల్లతో తోమి, దాన్నే చీల్చి నాలుక మీది పాచి గీసెయ్యమంది. నీళ్లు బాగా తాగమంది. అయినా వాసన పోకపోతే ముక్కులోనో, ఊపిరితిత్తుల్లోనో, కడుపులోనో జబ్బుందేమో చూడాలి, మళ్లీ రమ్మంది. పొగాకు నమిలేవాళ్ల సంగతి అడిగాను. “వాళ్లను ముందు తీసుకురా” అంది.

ఆ వాసన పుచ్చిన పంటిదేనని చీటీ రాసిచ్చింది. పన్ను కూడా అడిగి డబ్బీలో పెట్టుకున్నాను.

శనివారం వచ్చింది. ఈసారి అయ్యగారు ఒకరోజు ముందే దిగి, గుడి లోపల కూర్చుని ఉన్నారు. అత్త వంగి హల్లెలూయ అంది. దాసన్న మామ ఒకటికి రెండుసార్లు పీల్చాడు. ఏమీ తగల్లేదు. ఇక నోరు మూసుకుంటాడనుకున్నాను. మూసుకుంటే ఆయన దాసన్న మామ ఎందుకవుతాడు?

“చూసినారా! దేవుడు వదినకు మారుమనసు ఇచ్చినాడు. తాగేది మానేసింది. వదినా, రేపు సంఘం ముందర నిలబడి మూడుసార్లు తాగినానని ఒప్పుకో. నీ పేరు కొట్టెయ్యను.”

నా ఒళ్లు మండిపోయింది. వాసన వస్తే నేరం, రాకపోతే నేరం చేసినట్టు రుజువు! మొగుడి పక్కన పడుకోవడానికి చోటు కావాలంటే, ఆయన సమాధి మీద ప్రమాణం చేసినట్టు మా అత్త అబద్ధం చెప్పాలట. నేను చంకలో బిడ్డతోనే వరుస తోసుకుని ముందుకు పోయి డబ్బీ మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టాను.

“ఇదో మామా, మా అత్త తాగిన సారాయి. వాసన చూడు!”

అలవాటు కొద్దీ చూశాడు. తల వెనక్కి విసిరాడు. అదే వాసన. మూడుసార్లు పీల్చిన ముక్కు దాన్ని మరిచిపోతుందా? అరుపులకు అయ్యగారు బయటికొచ్చారు. చీటీ ఆయన చేతిలో పెట్టాను. ఆయన మొదట మనసులో చదువుకుని, తర్వాత అందరికీ వినబడేలా చదివారు.

“తప్పు నాది కూడా” అన్నారు. “విశ్వాసమ్మ పేరు ఎవరూ ముట్టరు. ఈ పీట కూడా ఇంక వాకిట్లో ఉండదు.”

నాకు అది చాలలేదు. “ఇప్పుడు నువ్వు అను మామా హల్లెలూయ! అయ్యగారు వాసన చూస్తాడు” అన్నాను. జనం గొల్లుమన్నారు. దాసన్న మామ పొగాకు ముద్దను దవడలో నొక్కిపెట్టి పెదాలు బిగించాడు. గెలిచాననుకున్నాను. ఇంకా అనాల్సినవి నోటినిండా ఉన్నాయి.

అప్పుడు అత్త మెల్లగా అంది. “మూడుసార్లు నా నోటికాడ ముక్కు పెట్టినావు దాసన్నా. పంటి సలుపుకు రాత్రీపగలూ అల్లాడిపోయినాను. ఏడాదిగా ముక్కు మూసుకునిన వాళ్లే గాని, నొప్పి ఉండాదా అని ఒక్కరన్నా అడగల్యా.”

దాసన్న మామ తల దించుకున్నాడు. ఆమె ఆయనను చూడనే లేదు. నా చంకలో ఉన్న బిడ్డను చూస్తోంది.

ఆదోని దాకా నేను తీసుకుపోయింది చీటీ కోసం. రైల్లో పక్కనే కూర్చుని కూడా ఆ మాట నేనూ అడగలేదు. నోటిదాకా వచ్చిన తిట్లన్నీ నామీదికే తిరిగాయి.

బిడ్డను తీసి ఆమె చేతుల్లో పెట్టాను. అత్త అలవాటు ప్రకారం, బిడ్డకు తన ఊపిరి తగలకుండా ముఖం పక్కకు తిప్పుకుని ఎత్తుకుంది.