సగం రీలు ఆవిడది

మా ఇంట్లో ఫొటోలు తీసేది నేను, ఫిల్ము కడిగేది మా ఆవిడ. కెమెరాల్లో రీళ్లు ఎక్కించేది కూడా తనే. పొద్దున్నే భుజానికి తగిలించుకుని బయటపడటం తప్ప, లోపల రీలు ఉందా లేదా అని నేనెప్పుడూ చూసుకోలేదు. కెమెరా డయలు మీద ఫిల్ము స్పీడు నంబరు ఎంత పెట్టాలన్నదీ తన ఆజ్ఞే. "డబ్బా మీద నాలుగొందలని ఉంటే మీరు రెండొందలకే పెట్టండి. డబ్బా వాళ్లకేం, రాసి పారేస్తారు. కడిగేది నేను కదా" అనేది. నంబరు సగానికి దించితే ఫిల్ము మీద రెట్టింపు వెలుతురు పడుతుంది. దాన్ని పలచటి డెవలపర్ మందులో నెమ్మదిగా కడిగితే నల్లచీర మడతలు కూడా కనిపిస్తాయి, తెల్లచొక్కా పాలిపోదు. వెలుతురు లేని గదుల్లో షట్టరు నెమ్మదిస్తుంది, చెయ్యి కదిలితే బొమ్మ చెదిరిపోతుంది మొర్రో అని నేను మొత్తుకునేవాణ్ణి. గోడకి చెప్పుకున్నట్టే ఉండేది.

కిందటి వానాకాలం తను జ్వరంతో ఆసుపత్రిలో చేరి, మళ్లీ ఇంటికి రాలేదు. ఆ తర్వాత నేను కెమెరా ముట్టుకోలేదు. ఒక్కడికే వండుకోవడం, ఒక్కడి గిన్నె తోముకోవడం, టీవీలో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటే చాలనుకోవడం. అంతే.

ఆ ఆసుపత్రి పెద్ద నర్సమ్మ రిటైరవుతూ, తన వీడ్కోలు సభకి బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు కావాలని కబురు పెట్టింది. మా ఆవిడ దగ్గర ఆఖర్లో కూర్చున్న మనిషి. కాదనలేకపోయాను. తీరా చూస్తే నా పెద్ద కెమెరా షట్టరు బిగుసుకుపోయింది. అలమారలో చిన్న కెమెరా ఉంది. దాన్లో రీలు ఉంటుందా అన్న అనుమానమే రాలేదు. సభ జరిగే హాలు చీకటి నుయ్యిలా ఉంది. డయలు అంతకుముందు ఏ నంబరు మీదుందో కూడా చూడకుండా పదహారొందలకి తిప్పేశాను.

ముప్ఫై ఆరు రావలసిన రీలు ఇరవై రెండుకే ఆగిపోయింది. సగం రీలు ఎక్కించిందా ఏమిటని మొదట ఆవిడ మీదే విసుక్కున్నాను, అలవాటు కొద్దీ. తర్వాత అర్థమైంది. ముందే పద్నాలుగు తీసేసి ఉన్నాయి. తీసింది తనే. మా ఇంట్లో మరెవరూ లేరు. ఒక్క ఫొటో తియ్యవే అని బతిమాలినా "నాకెందుకండీ, నేను కడిగేదాన్ని" అని తప్పించుకునే మనిషి.

మా బావమరిదికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. వాడికి ఫిల్ము కడిగే ల్యాబు ఉంది. పని నేర్చుకున్నది అక్క దగ్గరే.

"రీలు చూసుకోకుండా ఎత్తుకెళ్లడమేంటి బావా?"

"మీ అక్క ఉండగా చూసుకోవాల్సిన అవసరం ఎప్పుడొచ్చిందిరా?"

వాడు పని సంగతిలోకి దిగాడు. "పదహారొందలకి తీసిన సగాన్ని ఘాటు డెవలపర్లో ఎక్కువసేపు నానబెట్టాలి. అందులో వేస్తే అక్క సగం మాడిపోతుంది. పలచటి దాంట్లో వేస్తే మీ నర్సమ్మ కనబడదు. రెండు తొట్ల పద్ధతొకటుంది, నేను కడిగిపెడతా. రెండూ ఓ మోస్తరుగా వస్తాయి."

"మీ అక్కది ఓ మోస్తరుగా రావడం నాకొద్దు."

"అయితే చీకట్లో రీలుని రెండుగా కోసి, విడివిడిగా కడుక్కోవాలి. సరే, అక్క ఏ స్పీడు పెట్టుకుందో మీకెలా తెలుసు? మీకు రెండొందలు చెప్పి తను నాలుగొందలు పెట్టుకుని ఉంటే?"

"నాకొకటి చెప్పి తనొకటి చేసే మనిషా?"

"కాదులే" అన్నాడు.

ఆవిడ ఫొటోలు నా దగ్గర బోలెడున్నాయి. ఆవిడ తన కళ్లతో చూసి తీసింది మాత్రం ఒక్కటీ లేదు. ఇవి పోతే మళ్లీ తియ్యడానికి ఎవరున్నారు? అదే నా భయం.

వాడి ల్యాబుకి పంపడానికి మనసొప్పక, ఆవిడ ఫిల్ము కడిగే స్నానాల గది కిటికీకి నల్లగుడ్డ కట్టి, తలుపు కింద తువ్వాలు దోపాను. పనికిరాని పాత ఫిల్ము మీద మొదటి కొస నుంచి పద్నాలుగు బొమ్మల పొడవు కొలిచి, ఆ మేరకి ఒక చెక్కముక్క కోసి పెట్టుకున్నాను. బొమ్మకీ బొమ్మకీ మధ్య జాగా గోరంత కూడా ఉండదు. అందుకని చీకట్లో కోసేటప్పుడు కత్తెరని కాస్త నర్సమ్మ వైపే జరిపాను. ఆమెదొకటి పాడైతే కాళ్లు పట్టుకునైనా మళ్లీ నిలబెడతాను.

నర్సమ్మ సగాన్ని డబ్బాలో దాచి, ఆవిడ సగాన్ని వెలుతురు చొరని ట్యాంకులో మూతపెట్టి లైటు వేశాను. ఒక పాలు మందుకి మూడు పాళ్ల నీళ్లు. ఈ గదిలోంచి తనలో తను అనుకుంటుంటే ఏళ్ల తరబడి విన్న లెక్క. నీళ్ల చల్లదనం తను మణికట్టుతో చూసేది, నాకు థర్మామీటరు కావలసివచ్చింది. ట్యాంకు ఊపుతుంటే "ఊపమన్నాను గానీ చితక్కొట్టమన్నానా" అనే మనిషి లేదు. ఏడుపొచ్చింది. మూత గట్టిగా ఉంది, కన్నీళ్లు లోపలికి పోవు కదా అని ఏడ్చాను.

కడిగిన ఫిల్ముని వెలుతురుకి ఎత్తిపట్టాను. నీడల్లో ప్రతి గీతా ఉంది. ఎక్కడా మాడలేదు. రెండొందలే. మా ఆవిడ మాట మీద నిలబడే మనిషని వాడికి చెప్పాలనిపించింది.

మొదటి బొమ్మ తలుపు. సరిచూసుకోవడానికి తీసుకుందేమో అనుకున్నాను. రెండోదీ తలుపే. ఆరిన తర్వాత అన్నిటినీ ఒకే కాగితం మీద ప్రింటు వేసి చూశాను. పద్నాలుగూ మా ఇంటి వీధి తలుపే, లోపలినుంచి, వంటగది పక్క కుర్చీలోంచి. వెనకగోడ పైకిటికీలోంచి పడే పొద్దుటి వెలుగు మొదట తలుపు పైభాగాన ఉంది. బొమ్మ బొమ్మకీ కిందికి జారి గడియ మీదికి, తర్వాత నేల మీదికి దిగి మాయమైంది. ఆఖరివి రాత్రి బల్బు వెలుతురులో తీసినవి. తలుపు అన్నిట్లోనూ మూసే ఉంది. పక్కన నా చెప్పులుండే చోటు ఖాళీగా ఉంది. తోచక నొక్కినవి కావు, ఒక్కోదానికీ వెలుతురు చూసుకుని, చెయ్యి కదలకుండా తీసింది.

నేను లేనప్పుడు నా ఇల్లు ఎలా ఉంటుందో నేనెన్నడూ చూడలేదు. చూసే వీలూ లేదు, నేను వస్తే అది మారిపోతుంది. నేను రాగానే "ఎన్ని రీళ్లండీ" అని చేతులు చాపేది. ఎప్పుడొస్తారని అడిగిన గుర్తు కూడా లేదు. ప్రింటు పట్టుకుని వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను.

బావమరిది ఫోన్ చేశాడు.

"వచ్చాయా బావా?"

"బాగా వచ్చాయి."

"ఏం తీసింది అక్క?"

"తలుపు. మా వీధి తలుపు."

"తలుపేంటి? ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదురా" అన్నాను.