నత్తో తిన్న పూట

బూజును పెంచడమంటే పసిపిల్లను పెంచడమేనని ఆ కార్ఖానాలో కొత్తగా చేరినవాళ్లకు చెబుతారు. ఒట్టి అబద్ధం. పసిపిల్ల ఎప్పుడో ఒకప్పుడు నిద్రపోతుంది. ఉడికిన గోధుమ తవుడు మీద చల్లిన బూజుకు నిద్రెక్కడిది? ఊరికే వేడెక్కిపోతుంది, కలపమంటుంది, చల్లార్చమంటుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇసోకోకు ఇదే చాకిరీ. తవుడంతా బూజు కమ్మాక నీళ్లు పోసి కడిగి, ఆ నీటిని వడగట్టి, చిక్కబరిచి, ఆల్కహాలు పోస్తే, పిండిని మెత్తబరిచే ఎంజైము విరిగి అడుగుకు దిగుతుంది. దాన్ని ఆరబెట్టి, పొడిచేసి రొట్టెల కంపెనీలకు పంపుతారు. రొట్టె ఎంత మెత్తగా ఉందోనని తినేవాళ్లు మెచ్చుకుంటారు. ఇసోకో నడుము సంగతి ఎవరికి కావాలి?

ఆ వారం జ్వరాలొచ్చి సగంమంది మంచమెక్కారు. ఇసోకో రెండేసి డ్యూటీలు చేస్తోంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, భర్త తామోత్సుకు గుండె ఆపరేషన్ ఆ ఉదయమే పెట్టారు. "నువ్వు రాకపోయినా ఫర్వాలేదులే, డాక్టర్లున్నారుగా" అన్నాడాయన ఫోన్లో. ఆయన అంత మంచిగా మాట్లాడాడంటే భయంతో చస్తున్నాడని ఆమెకు తెలుసు. లోపలికి తీసుకెళ్లేలోగా ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకుంటే చాలు, ఆమెకింకేమీ అక్కర్లేదు.

పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డ ఫోర్‌మన్ నెగిషి దగ్గరికెళ్లింది.

"ఈ ఒక్కపూట వదిలెయ్యండి నెగిషి గారూ."

"ఎలా వదలనమ్మా? బూజు మంచి వేడి మీదుంది. నువ్వెళితే కలిపేదెవరు, మా తాతా?"

"మీరున్నారుగా."

"నా మోకాళ్లు చూసే అంటున్నావా ఆ మాట? మధ్యాహ్నం పంపిస్తాలే. అయినా ఆపరేషన్ చేసేది నువ్వు కాదుగా!"

ఆ మాట ఇసోకో మనసులో ముల్లులా దిగింది. తిరిగి తిట్టడానికి కూడా ఓపిక లేదు. ఓ గుక్కెడు టీ తాగుదామని గేటు ఎదుటి దుకాణంలోకి వెళ్లింది. అక్కడ అరలో నత్తో డబ్బాలు కనబడ్డాయి.

నత్తో అంటే పులిసి తీగలు సాగే సోయా గింజలు. ఊరంతా పొద్దున్నే అన్నంలో కలుపుకుని లొట్టలేస్తూ తినేదే. బూజుగదిలో పనిచేసేవాళ్లు మాత్రం ముట్టకూడదు. అందులోని క్రిమి జగమొండి. గదిలో అడుగుపెట్టిందా, తవుడంతా జిగురుజిగురై పోతుంది, సరుకు మొత్తం పెంటకుప్ప పాలే. అందుకే తిన్నవాళ్లను రెండు రోజులపాటు గది గడప తొక్కనివ్వరు.

ఇసోకో ఒక డబ్బా కొంది. గేటు దగ్గరికొచ్చి, నెగిషి ఎదురుగానే మూత తీసి, గరగరా కలిపి, నోట్లో పెట్టుకుంది.

"ఏయ్, ఏయ్! ఏంటమ్మా అది? మతిగానీ పోయిందా?" నెగిషి పామును చూసినట్టు వెనక్కి గెంతాడు.

"ఆకలేసిందండీ."

"అక్కడే ఆగు! ఆ గేటు ముట్టుకున్నావో చూడు! ఫో, ముందు ఇక్కణ్ణించి ఫో!" అంటూనే లోపలికి తిరిగి అరిచాడు. "ఎవర్రా అక్కడ? నా గంబూట్లు పట్రండి! హయ్యో, నా మోకాళ్లో!"

ఆమె ఆసుపత్రికి చేరేసరికి స్ట్రెచర్ కదలబోతోంది. తామోత్సు మొహం పాలిపోయి ఉంది. ఆమెను చూడగానే కళ్లు పెద్దవయ్యాయి.

"ఆ ముసలాడు సెలవిచ్చాడా?"

"ఎక్కడిచ్చాడూ! తరిమేశాడు."

ఆమె నోటినుంచి నత్తో ఘాటు వాసన తగిలి ఆయన ముక్కుపుటాలు అదిరాయి. నత్తో అంటే ఆయనకు ప్రాణం. పెళ్లైన కొత్తలో ఆమె ఉద్యోగం కోసం మానేశాడు. ఇంట్లోనే కాదు, బయట కూడా మళ్లీ ముట్టలేదు. ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తిచూపలేదు.

"తిన్నావా?"

"తిన్నాను."

"నన్నొదిలేసి?"

ఇసోకోకు ఏడుపు ఆగలేదు. "మీరు బయటికి రండి. రోజూ నేనే కలిపి పెడతాను."

"మరి నీ ఉద్యోగం?"

"చేసింది చాల్లెండి. అలిసిపోయానండీ" అంది.

తలుపు దగ్గర నర్సు "ఇక వదలండమ్మా" అని రెండుసార్లు చెప్పేదాకా ఆ చెయ్యి వదల్లేదు.