తిప్పేష్ నిద్ర

ముదిగుబ్బ దిక్కున మబ్బు పట్టింది. అనంతపురంలోని గెస్ట్‌హౌస్ వంటింటి కిటికీలోంచి దాన్నే చూస్తూ వంటమనిషి గంగాదేవి ఉల్లిగడ్డలు కసిగా తరుగుతోంది. ఆ మబ్బు కిందే ఆమె శెనక్కాయ చేను ఊడలు దిగే వేళ తడి లేక వాడిపోతోంది. మబ్బులో మందు కాల్చి వాన కురిపిస్తామని సర్కారు ఆ ఏడు విమానం తెప్పించింది. దాన్ని నడిపే కెప్టెన్ మాత్రం హాల్లో కాళ్లు చాపుకుని పేపరు చదువుతున్నాడు.

అన్నం వడ్డిస్తూ ఇక ఆగలేకపోయింది.

"మబ్బు నెత్తిన పెట్టుకుని ఈడ కూచున్నారే సార్! అదేమన్నా మీ మామగారింటిదా, రేపు రమ్మంటే వచ్చేదానికి?"

కెప్టెన్ హైదరాబాదు మనిషి. నొచ్చుకోలేదు. "నిన్నంతా ఎగిరానమ్మా. రేపు పొద్దుటిదాకా విశ్రాంతి తీసుకోవాలి. అది రూలు."

"గుండ్రాయి మాదిరి ఉండారు కదా!"

"నాకూ అలాగే అనిపిస్తుంది. అలిసినవాడికి తాను అలిసినట్టు తెలియదు. అందుకే ఆ నిర్ణయం నా చేతికివ్వలేదు. నేను సరేనన్నా ఎగరనివ్వరు."

గంగాదేవి విసురుగా వంటింట్లోకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె మొగుడు తిప్పేష్, ఆ విమానం కంపెనీ జీపు డ్రైవరు, కంచం ముందు కూచుని ఉన్నాడు. రాత్రంతా బెంగుళూరు రోడ్డు మీదే ఉన్నాడు. తెల్లారగానే ఆయిలు డ్రమ్ములు మోయించారు. నిన్నా అంతే, మొన్నా అంతే. సంగటి ముద్ద చేతిలోనే ఉంది, గడ్డం రొమ్ముకు ఆనింది. నిద్రపోతున్నాడు.

అంతలో కంపెనీ సూపర్‌వైజర్ ఆనంద్ పెరటి వాకిట్లోంచి కేకేశాడు.

"తిప్పేష్! లేప్పా. మబ్బులో కాల్చే కడ్డీలు బెంగుళూరుకు వచ్చినాయంట. ఇప్పుడే పోయి తెల్లారేలోగా తేవాల. అవి లేకుంటే రేపు విమానం లేయదు."

తిప్పేష్ ఉలిక్కిపడి లేచాడు. "నాకేమైందన్నా, బాగుండా. పోతా" అంటూ సంగటి చేత్తోనే జేబులు తడుముకున్నాడు. జీపు తాళంచెవి ఎదురుగా గట్టు మీదే ఉంది.

గంగాదేవి దాన్ని లాక్కుని జాకెట్లో దోపుకుంది.

"పోడు."

"ఏమ్మా, తమాషానా?"

"ఎవురికప్పా తమాషా? ఆ సారుకు నిద్ర సాలకుంటే విమానం ముట్టనియ్యరంట. ఈయప్ప కండ్లు మూసి ఎన్ని దినాలాయనో నీకు తెలీదా? ఈయప్ప యాడన్నా పడితే పడనీలే అనా?"

"ఆయన పైలట్టు, వీడు డ్రైవరు. నీ చేనుకు వాన వద్దా? ఇద్దర్నీ పనిలోంచి తీసేస్తా చూడు."

వాన మాటకు ఆమె కిటికీ వైపు ఒకసారి చూసింది.

"తీసేయి. గడ్డపారలతో జీపు చీల్చి నా మొగుణ్ని బయటికి తీసేదానికన్నా అదే మేలు."

అరుపులకు కెప్టెన్ లేచి వచ్చాడు. తిప్పేష్‌ను పరీక్షగా చూశాడు. "ఆనంద్, ఇతను నడిపితే ఆ జీపు నేనెక్కను."

"మీరెక్కకుంటే సాలదు సార్!" గంగాదేవి ఆయన మీదికీ లేచింది. "ఈయప్పను ఎక్కనీకూడదు. దినామూ ఈ ఎర్రకండ్లు చూస్తానే ఎనక సీట్లో కూచున్నారే, ఆ పొద్దు మీ రూలు యాడ పెట్టినారు?"

"వేరే మనిషిని చూడు, ఆనంద్" అన్నాడు కెప్టెన్. ఆనంద్ ఇంకో డ్రైవరు కోసం ఫోన్లు చేస్తూ, తిడుతూ బయటికి పోయాడు. ఎంతమందిని అడిగినా ఎవరూ దొరకలేదు.

"అన్నం ముద్ద పోగొట్టినావు కదే" అని గొణిగాడు తిప్పేష్.

"నోర్మూసుకుని పండుకో!"

వరండాలో చాప మీద ఒరగీ ఒరగకముందే గురక పెట్టాడు. గంగాదేవి తడిగుడ్డ తెచ్చి, వేళ్లకు ఎండిపోయిన సంగటిని తిట్టుకుంటూ గట్టిగా రుద్దింది. అతను కదల్లేదు. మబ్బు చెదిరి కదిరి దిక్కుకు జరిగిపోతోంది. దాన్నీ ఒక తిట్టు తిట్టి, జాకెట్లో తాళంచెవి గుచ్చుకుంటున్నా తీయకుండా, మొగుడికీ వాకిలికీ మధ్య అడ్డంగా కూచుంది.